ముగ్గు చిన్నబోయింది

సంక్రాంతి నెల వచ్చిందంటే జంగారెడ్డిగూడెంలో మా వీధివాళ్ళు మా వాకిలి ముందు సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్ళేవారు. మా అమ్మ ముగ్గు చెరిగిపోతుందని! గొప్ప కోసం చెప్పడం లేదు. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేవరకు... అమ్మ పెడుతుంటే చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం స్కేలు పెట్టి కొలిచినట్టుండేది. అలాగని ఆవిడ ముగ్గు మీద మనసు పెట్టేదా అంటే అదీ లేదు. పక్కింటి పిన్నిగారితో పొగాకు రేటు గురించో, నాన్నగారి దగ్గు గురించో మాట్లాడుతూనే ఉండేది. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయేది.

"ఎలా వేస్తావమ్మా?" అనడిగితే, "ఏవోనే, నాకేం తెలుసు? చేతికి తెలుసు" అనేది.

ఆ మాట ఎంత నిజమో నాకు చాలా ఏళ్ళ తర్వాతగానీ తెలియలేదు.

2018 సంక్రాంతికి హైదరాబాద్ నుంచి పిల్లలతో వెళ్ళాను. అప్పటికింకా మా ఊరు పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఉంది. భోగి రోజు పొద్దున్నే వాకిట్లోకి వచ్చి చూస్తే ముగ్గు ఏదో తేడాగా అనిపించింది. మొదటి వరసలో జానెడేసి దూరంలో ఉన్న చుక్కలు, చివరి వరసకొచ్చేసరికి బెత్తెడు దగ్గరికి వచ్చేశాయి. ముగ్గు ఒక పక్కకి ఒదిగి, ముడుచుకుపోయినట్టుంది. ఎండకి వాడిపోయిన ఆకులా ఉంది. 'పాపం, ఓపిక తగ్గింది' అనుకున్నాను. ఫొటో తీసుకుని మర్చిపోయాను.

అప్పుడే గమనించాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. పొయ్యి మీద పోపు మాడి ఇల్లంతా కమురు వాసన కొడుతుంటే, పక్కనే నిలబడ్డ అమ్మకి తెలియలేదు. నడుస్తుంటే కుడి చెయ్యి ఊగడం మానేసి, ఒంటికి అతుక్కుపోయినట్టుండేది. మనవలు కితకితలు పెట్టినా మొహంలో నవ్వు విచ్చుకునేది కాదు. చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడానికి అరగంట పట్టేది. చేతులు వణకడం మాత్రం లేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. దగ్గర్లో ఒక డాక్టరుకి చూపిస్తే వయసు ప్రభావం అని చెప్పి బలానికి మాత్రలు రాసిచ్చారు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఆ ఏడాది వేసవిలో ఏలూరులో ఒక పెళ్ళికి బయల్దేరాం. బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కండక్టరు అరుస్తున్నాడు. అమ్మ బస్టాండు మధ్యలో చీమ నడకలు నడుస్తోంది. నేను వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకుని లాగాను. "వస్తన్నానే... కాలు రావట్లేదే" అంది. "కాలు రాకపోవడమేంటమ్మా! నీకు రావాలని లేదు, అంతే" అన్నాను. పదిమందిలో అన్నాను. బస్సు వెళ్ళిపోయింది. అమ్మ ఏమీ అనలేదు. ఆ మొహంలో కోపం గానీ బాధ గానీ కనిపించలేదు. కనిపించకపోవడం కూడా జబ్బేనని నాకేం తెలుసు?

2019లో విజయవాడ తీసుకెళ్ళి నరాల డాక్టరుకి చూపించాం. ఆయన స్కానింగులూ అవీ అనలేదు. బొటనవేలికి చూపుడువేలు టకటకా తగిలించమన్నారు. అమ్మ నాలుగుసార్లు బాగానే తగిలించింది. తర్వాత వేళ్ళ మధ్య ఎడం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. కాగితం ఇచ్చి ఏదో ఒకటి రాయమన్నారు. అమ్మ రామకోటి రాసే మనిషి కదా, 'శ్రీరామ' అని రాసింది. పక్కన ఇంకోటి, ఇంకోటి. వరస చివరికి వచ్చేసరికి అక్షరాలు ఆవగింజలంత అయ్యాయి. నాకు ఒక్కసారిగా ఏదో తట్టింది. ఫోన్ తీసి, రెండు సంక్రాంతుల ముగ్గుల ఫొటోలు ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసి, "ఈ జబ్బు మీ ఇంటి ముందే రాసి ఉందమ్మా" అన్నారు.

పార్కిన్సన్స్. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగుల గురించి రాసిన చిన్న పుస్తకంతో ఈ జబ్బు ప్రపంచానికి తెలిసింది. ఆ ఆరుగురిలో కొందరిని ఆయన వీధిలో నడుస్తుండగా చూశారంతే. నడక చూసే పోల్చుకున్నారు. నేనేమో కన్నతల్లి నడకని రెండేళ్ళు చూసి, పోల్చుకోలేకపోయాను!

డాక్టరుగారు ఓపిగ్గా చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మనం ఏ పనైనా కొత్తగా నేర్చుకునేటప్పుడు ఆలోచించి చేస్తాం. సైకిలు తొక్కడం, చపాతీ ఒత్తడం, ముగ్గు వెయ్యడం... మొదట్లో అన్నీ కష్టమే. వందలసార్లు చేశాక ఆ పని ఆలోచన చేతుల్లోంచి జారి, మెదడు లోపలి పొరల్లోకి దిగిపోతుంది. అక్కడ కొన్ని నాడీ కణాల గుంపులు, వెనక ఉండే చిన్నమెదడు కలిసి దాన్ని నడిపిస్తాయి. ఇక మనం కబుర్లు చెప్పుకుంటూ కూడా ఆ పని చేసెయ్యొచ్చు.

ఈ సంగతి తేలడానికి కారణమైన వాళ్ళలో ఒకరు అమెరికాకు చెందిన హెన్రీ మొలైసన్. 1953లో మూర్ఛ తగ్గించడానికి చేసిన ఆపరేషన్‌తో ఆయన కొత్త జ్ఞాపకాలు నిలుపుకునే శక్తిని పోగొట్టుకున్నారు. పొద్దున చూసిన మనిషి సాయంత్రానికి గుర్తుండరు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ మీద గీత గీయించారు. మూడు రోజులు చేయించేసరికి చెయ్యి చక్కగా తిరిగింది. ఆయనకి మాత్రం, ఎప్పుడడిగినా అంతకుముందు ఆ పని చేసినట్టే గుర్తులేదు! మనిషికి తెలియకపోయినా చేతికి తెలిసింది. 1962లో మిల్నర్ దీన్ని ప్రకటించారు. మా అమ్మ ఎప్పుడూ చెప్పే మాటే.

మరి అమ్మ చేతికి తెలిసిన విద్య ఏమైనట్టు? మెదడు నడిమి భాగంలో నల్లటి చారలా కనిపించే చిన్న చోటు ఉంది. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసి, కదలికల్ని నడిపించే గుంపులకు పంపుతాయి. పార్కిన్సన్స్‌లో ఆ కణాలు ఒక్కొక్కటే చనిపోతాయి. సగమో, అంతకంటే ఎక్కువో పోయేదాకా బయటికి స్పష్టంగా తెలియదు. డోపమైన్ తగ్గితే ఆజ్ఞ వెళుతుంది గానీ దాని బలం తగ్గుతుంది. అడుగు చిన్నదవుతుంది, అక్షరం చిన్నదవుతుంది, గొంతు చిన్నదవుతుంది. ముగ్గూ అంతే.

మందు మొదలుపెట్టారు. లెవోడోపా. డోపమైన్‌ని నేరుగా ఇస్తే రక్తంలోంచి మెదడులోకి వెళ్ళదట. లెవోడోపా వెళ్ళి అక్కడ డోపమైన్‌గా మారుతుంది. "మాత్రకీ పప్పన్నానికీ కాస్త ఎడం ఉండాలి, మాంసకృత్తులు అడ్డుపడతాయి" అన్నారు. నెల తిరిగేసరికి అమ్మ మొహంలో నవ్వు తిరిగొచ్చింది. మద్ది ఆంజనేయస్వామి గుడికెళ్ళి ప్రదక్షిణలు కూడా చేసొచ్చింది.

ఆ సంతోషంలోనే ఒక పొరపాటు జరిగింది. కొన్ని నెలల తర్వాత అన్నయ్య ఫోన్ చేశాడు. "అమ్మకి తల, భుజం ఊరికే తీగలా ఊగిపోతున్నాయే. వాంతులు కూడా" అన్నాడు. పరుగున వెళ్ళాను. డాక్టరుగారు "కొత్తగా ఏమైనా వాడుతున్నారా?" అనడిగితే అమ్మ నేలచూపులు చూసింది. చివరికి సంచిలోంచి ఒక డబ్బా తీసింది. పక్కింటి పిన్నిగారు తెప్పించి ఇచ్చిన దూలగొండి గింజల పొడి!

దూలగొండి అంటే మా వైపు పిల్లలందరికీ తెలుసు. బుట్టాయగూడెం దాటి మన్యంలోకి వెళితే పొదల మీద పాకే తీగ. కాయల మీద బంగారు రంగు నూగు. అది ఒంటికి తగిలిందా, ఇక దురదకి గంతులే! చిన్నప్పుడు అన్నయ్య నా చొక్కాలో వేసి నాన్నగారి చేత దెబ్బలు తిన్నాడు. నేను నవ్వుతూ "ఇదా మందు!" అన్నాను. డాక్టరుగారు నవ్వలేదు.

"అందులో ఉన్నదీ లెవోడోపానేనమ్మా" అన్నారు.

ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. లెవోడోపాని 1913లో యూరప్‌లో ఒకరకం చిక్కుడు గింజల్లోంచి తీశారు. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు మన దూలగొండి గింజల్లోంచి తీశారు. అప్పటికి అది ఎందుకు పనికొస్తుందో ఎవరికీ తెలియదు. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకి రిసర్పిన్ ఇస్తే అవి కదలకుండా కూలబడిపోయాయి. లెవోడోపా ఇస్తే లేచి తిరిగాయి. రిసర్పిన్ మన సర్పగంధి వేరులో దొరికే మందే! ఆ పరిశోధనల దారికే 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. 1967లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ మోతాదు మెల్లగా పెంచుకుంటూ ఇచ్చి, మంచాన పడ్డవాళ్ళని నడిపించారు. 2004లో లండన్ వైద్యులు ఎనిమిది మంది రోగులకి దూలగొండి పొడి ఇచ్చి చూస్తే, మాత్రకంటే త్వరగానే పనిచేసింది.

అంటే పిన్నిగారు ఇచ్చింది పనికిమాలిన పొడి కాదు. అసలు ఇబ్బందీ అదే. ఒకే మందుని అమ్మ రెండు పేర్లతో రెండింతలు వేసుకుంది. మాత్రలో ఎంతుందో లెక్క ఉంది, డబ్బాలో ఎంతుందో లెక్కలేదు. పొడి ఆపగానే ఊగడం తగ్గిపోయింది. పిన్నిగారిని ఒక్క మాట అనొద్దని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది.

ఈ జబ్బు నయమయ్యేది కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ మందు పట్టు సడలుతుంది. కొందరికి మెదడులో సన్నని తీగలు అమర్చి కరెంటు పంపే ఆపరేషన్ చేస్తారు. 1987లో ఫ్రాన్స్‌లో మొదలైంది, మన నిమ్స్‌లోనూ చేశారు. అమ్మ వయసుకి, గుండెకి అది వద్దన్నారు. 2022 నుంచి కొత్త కష్టం మొదలైంది. గడప దగ్గరికి రాగానే కాళ్ళు నేలకి మేకులు కొట్టినట్టు ఆగిపోతాయి. వెనక నుంచి ఎవరైనా "పదమ్మా, పద" అంటే ఇంకా బిగుసుకుంటాయి. బస్టాండులో నేను చేసిందదే కదా అని ప్రతిసారీ గుర్తొచ్చేది.

ఒకరోజు వదినకి పని తొందర ఎక్కువై, గేటు ముందు ముగ్గు బదులు నాలుగు అడ్డగీతలు గీసి లోపలికి వెళ్ళిపోయింది. అమ్మ మామూలు రోజుల్లోనైతే ఆ గీతల్ని చూసి, "అదీ ఒక ముగ్గేనా?" అనేది. ఆ రోజు గేటు దగ్గర బిగుసుకుపోయి నిలబడి, కిందికి చూసింది. చూసి... గీత దాటింది. ఇంకో గీత దాటింది. నాలుగూ దాటి వీధిలో నిలబడి, మమ్మల్ని చూసి నవ్వింది!

మాకు అద్భుతంలా అనిపించింది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయికి చెబితే, "తెలిసిన సంగతేనండీ" అంది. అడుగుకొక గీత చొప్పున నడకకి అడ్డంగా గీస్తే ఈ రోగులు దాటుకుంటూ నడవగలరని, నిలువు గీతలకి ఆ ఫలితం రాదని పర్డన్ మార్టిన్ అనే ఇంగ్లండ్ వైద్యుడు 1967లోనే పుస్తకంలో రాశారట. అలవాటు మీద నడిపించే దారి మూసుకుపోయినా, కళ్ళతో చూసి, మనసు పెట్టి నడిచే దారి మెదడులో మిగిలే ఉంటుంది. చిన్నపిల్లలు నడిచే దారి అది. పనవుతుంది, కాకపోతే నెమ్మదిగా అవుతుంది. అక్కడ తొందరపెట్టామా, ఆ దారీ మూసుకుపోతుంది.

హాల్లో రంగు టేపు అతికిద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఇల్లా, ఆసుపత్రా?" అంది. అందుకే వదిన రోజూ గది గుమ్మాల ముందు సుద్దతో అడ్డగీతలు గీస్తుంది. మా ఇంటికొచ్చిన వాళ్ళు ఇదేం ముగ్గని అడుగుతారు. అడిగితే చెబుతాం.

మొన్న సంక్రాంతికి అమ్మ వాకిట్లో చిన్న పీట వేయించుకుని కూర్చుంది. "చుక్కలు నువ్వు పెట్టు, కలపడం నేను చూస్తాను" అంది. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేవరకు నేనే పెట్టాను. తనంతట తాను వేస్తే ముడుచుకుపోయే గీత, ఎదురుగా చుక్క కనిపిస్తుంటే అక్కడిదాకా సాగింది. ప్రతి చుక్కనీ చూసి, పైకి లెక్కపెట్టి, ఊపిరి పీల్చుకుని కలిపింది. పక్కింటి పిన్నిగారు పలకరించబోతే చెయ్యెత్తి ఆపేసింది. ఇప్పుడు ముగ్గుకీ మాటకీ కలిపి చోటు లేదు ఆవిడ మనసులో.

మూడు గంటలు పట్టింది. ఎండ గోడ దిగి వాకిట్లోకొచ్చింది. లోపల పిల్లలు ఆకలని అరుస్తున్నారు. నేను చిప్ప పట్టుకుని పక్కనే కూర్చున్నాను. కానిమ్మని ఒక్కసారి కూడా అనలేదు.

పూర్తయ్యాక అమ్మ ముగ్గుని ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది. బాగుందంటుందేమోనని ఎదురుచూశాను.

"ఆ ఈశాన్యం మూల చుక్క వంకరగా పెట్టావే" అంది.