బెజవాడ రోడ్డు మీద వెనుక దెబ్బ

హైదరాబాదు నుంచి బెజవాడకు పోయే రోడ్డు సుమారు 270 కిలోమీటర్లు. ఒకప్పుడు దీనిని తొమ్మిదో నెంబరు జాతీయ రహదారి అనేవారు. 2010లో నెంబర్లు మార్చినప్పుడు ఇది 65 అయింది. పూనాలో బయలుదేరి హైదరాబాదు మీదుగా బందరు దాకా పోతుంది. పంతంగి, కొర్లపహాడు, చిల్లకల్లు అనే మూడు చోట్ల టోలు చెల్లించాలి. ఈ రోడ్డు మీద పోయేవారందరికీ ధ్యాస ముందువైపే. ముందు ఏ బండి వున్నది, దానిని ఎట్లా దాటాలి అన్నదే ఆలోచన. వెనుక వచ్చే బండి ఎవరిది, దానికి బీమా వున్నదా లేదా అని విచారించుకోవలసిన అవసరం మాకు మొన్న జూన్ నెలలో మునగాల దగ్గర కలిగింది.

సూర్యాపేట దాటి అరగంట పోతే మునగాల వస్తుంది. చూడడానికి అన్ని వూళ్ళవంటిదే గాని, దీని చరిత్ర చిత్రమైనది. వెనుకటి రోజుల్లో చుట్టూ నైజాం రాజ్యం, నడుమ ఈ పరగణా మాత్రం ఇంగ్లీషువారి కృష్ణా జిల్లాలోది. రాజా నాయని వెంకటరంగారావుగారు ఇక్కడి జమీందారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఇక్కడ దివానుగా వుండేవారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా మండలి వెలియడంలో ఈ వూరి చెయ్యి వున్నది. ఇప్పుడిది సూర్యాపేట జిల్లాలో ఒక మండలం.

ఈ సంగతులన్నీ మా ఆవిడకు చెబుతున్నాను. కారు నడుపుతున్నది ఆవిడే. ఆవిడ చెవి ఇటు, కన్ను రోడ్డు మీద. ఎడమవైపు నుంచి ట్రాక్టరు ఒకటి నెమ్మదిగా రోడ్డెక్కుతుంటే దూరాన్నే చూసి వేగం తగ్గించింది. ట్రాక్టరు సగం దాటిందో లేదో, వెనుకనుంచి ధనామని దెబ్బ! కారు రెండు బారలు ముందుకు పోయి ఆగింది.

కొట్టినది మామిడిపళ్ళు హైదరాబాదులో దింపి, ఖాళీ పెట్టెలతో నూజివీడు వైపు తిరిగి పోతున్న చిన్న వాను. మా బంపరు వూడి వేలాడుతున్నది. డిక్కీ తలుపు అప్పడంలా మడతపడింది. వెనుక లైట్లు రెండూ పొడి. భగవంతుడి దయవల్ల మనుషులకు ఏమీ కాలేదు. క్షణంలో పదిమంది పోగయ్యారు.

“ఎవ్వలకేం గాలే గద సారూ?” అన్నాడు టీ దుకాణం పెద్దాయన. ఆ మాట చల్లగా తగిలింది. ఆ వెంటనే ఇంకెవరో, “ఆడమనిషి నడుపుతున్నది, సడన్ బ్రేకు వేసుంటది” అన్నారు. మా ఆవిడ ముఖం ఎర్రబడింది గాని, మాట తూలలేదు. ఫోను తీసి ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. రెండు బండ్లూ తగిలినవి తగిలినట్లుగానే, నెంబరు పలకలు, రోడ్డు మీద టైరు గీతలు, ఇంకా అక్కడే నిలబడివున్న ట్రాక్టరు. అంతా అయిన తరువాతనే కారును పక్కకు తీయించింది. ట్రాక్టరు రైతునూ, టీ దుకాణం పెద్దాయననూ అడిగి ఫోను నెంబర్లు రాసుకుంది.

ఇక్కడ మా కారు సంగతి చెప్పాలి. దాని వయసు పన్నెండేళ్ళు. అమ్మబోతే లక్ష వస్తే గొప్ప. అందుకని దానికి పూర్తి బీమా మానుకొని, చట్టం తప్పనిసరి చేసిన థర్డు పార్టీ బీమా మాత్రమే కడుతున్నాము. వెయ్యి సీసీ లోపు కారుకు 2022 జూన్ నుంచి దాని రేటు ఏడాదికి 2,094 రూపాయలు, పన్ను అదనం. ఈ బీమా మన బండివల్ల ఇతరులకు కలిగే నష్టానికే. మన బండికి దెబ్బ తగిలితే మన కంపెనీ కానీ ఇవ్వదు.

“అయితే మన గతి ఏమిటి?” అన్నాను.

“మన కాగితంలో థర్డు పార్టీ ఇంకొకరు. ఆ వాను కాగితంలో థర్డు పార్టీ మనమే” అన్నది మా ఆవిడ.

ఇంతటి విషయాన్ని ఇంత చిన్న మాటలో నేను ఏ పాఠంలోనూ చెప్పలేదు. బండి నెంబరు కొడితే బీమా గడువు ‘ఎం పరివాహన్’లో కనిపిస్తుంది. వాను బీమా చెల్లుబాటులోనే వున్నది. ఇటువంటి పాలసీల్లో ఇతరుల ఆస్తి నష్టానికి సాధారణంగా 7,50,000 రూపాయల దాకా పూచీ వుంటుంది.

వాను నడిపిన కుర్రవాడికి ఇరవై రెండేళ్ళుంటాయి. చేతులు వణుకుతున్నాయి. జేబులోనుంచి మూడు వేలు తీసి, “ఇవి పుచ్చుకోండి సార్, కేసు పెట్టకండి. ఓనరు నా జీతంలో పట్టుకుంటాడు” అన్నాడు. ఆ నోట్లు అందుకుంటే మా బండి బాగుపడదు, అతని ఇంట్లో పొయ్యి వెలగదు. “నీ డబ్బు నీ దగ్గరే వుంచుకో బాబూ. ఓనరు ఏటేటా బీమా కట్టేది ఇందుకే” అని మా ఆవిడ యజమానికి ఫోను చేసింది. ఆయన మొదటి మాట: “ఆడవాళ్ళు నడిపితే ఇంతేనమ్మా!” రెండో మాట: “అయిదు వేలిస్తాను, వదిలేయండి.”

వెనుకనుంచి కొట్టినవాడిదే తప్పు అని లోకంలో ఒక నమ్మకం. అది చాలామట్టుకు నిజం. ముందు బండి హఠాత్తుగా ఆగినా ఢీకొనకుండా వుండేంత దూరం పాటించడం వెనుకవాని విధి అని రోడ్డు నిబంధనలు చెబుతున్నాయి; 2018లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా గుర్తుచేసింది. అయితే 2025లో, కోయంబత్తూరు ప్రమాదం కేసులో, హెచ్చరిక లేకుండా రహదారి మీద చటుక్కున కారు ఆపినవానిపై సగం బాధ్యత మోపింది కూడా ఆ కోర్టే. అంటే వేగం ఎందుకు తగ్గించామో చూపగలగాలి. ట్రాక్టరు ఫోటో, రైతు సాక్ష్యం అందుకే విలువైనవి.

దగ్గరి ఠాణాలో ఫిర్యాదు ఇచ్చి రసీదు పుచ్చుకున్నాము. అది లేకపోతే తరువాత ట్రిబ్యునలులో మాట నిలవడం కష్టం. మా బీమా కంపెనీకి కూడా కబురు చేశాము. రేపు ఎదుటివారు మామీదే దావా వేస్తే వారికి తెలిసివుండాలి గదా. బంపరును తాడుతో కట్టి, వెలుగుండగానే నెమ్మదిగా బెజవాడ చేరాము. తెల్లవారేసరికి మా ఆవిడకు మెడ పట్టేసింది. వెనుక దెబ్బల్లో నొప్పి మరునాడు బయటపడడం మామూలేనని డాక్టరుగారన్నారు. ఆ చీటీలూ దాచాము.

బెజవాడ ఆటోనగరు చూడనివారు ఒకసారి చూడాలి. వీధులకు వీధులే సుత్తి చప్పుడు. ఒకచోట లారీకి తొట్టి కడుతుంటారు, ఇంకొకచోట ఇంజను విప్పి గోనెపట్టా మీద పరుస్తారు. పెద్ద వయసు టింకరు మేస్త్రీ మా డిక్కీని వేలితో తట్టి చూసి, “కొత్తది వద్దమ్మా, ఇదే సాగదీస్తా” అన్నాడు. అంచనా 36,400 రూపాయలు. పని మొదలుపెట్టక ముందే అది కాగితం మీద రాయించుకున్నాము.

రెండో రోజున యజమాని అక్కడికే వచ్చాడు. ఆస్తి నష్టానికి కూడా మోటారు ప్రమాదాల ట్రిబ్యునలులో అర్జీ వేయవచ్చుననీ, ప్రమాదం జరిగినచోటే కాక మేము కాపురమున్న చోట కూడా వేయవచ్చుననీ, అప్పుడు ఆయన హైదరాబాదుకు తిరగవలసి వస్తుందనీ మా ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ఫోటోలు చూపించింది. ఆయన చాలాసేపు ట్రాక్టరు ఫోటోనే చూశాడు. చివరకు 28,000కు రాజీ కుదిరింది. రాజీ కాగితంలో మా ఆవిడ ఒక వాక్యం చేర్పించింది: ఈ సొమ్ము డ్రైవరు జీతంలోనుంచి పట్టరాదు. ఆయన నసిగాడు గాని, సంతకం పెట్టాడు. నెల తరువాత కుర్రవాడు ఫోను చేశాడు. రెండు వేలు పట్టుకున్నాడట. కాగితం నకలు చూపించి అడిగితే తిరిగి ఇచ్చాడట.

మిగిలిన 8,400 మేమే పెట్టుకున్నాము. ట్రిబ్యునలుకు పోయివుంటే అదీ వచ్చేదేమో, ఏళ్ళూ పట్టేదేమో. రాజీ కుదరనివారు మాత్రం అర్జీని ఆరు నెలలు దాటనివ్వకపోవడం క్షేమం. 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో ఆ గడువు పెట్టారు. ఎవరికైనా గాయమైతే బేరాలన్నీ పక్కనబెట్టి ముందు 108కి ఫోను చేయాలి. జాతీయ రహదారి మీద బండి కదలలేని స్థితిలో వుంటే 1033. ఈ రెండు నెంబర్లూ ఆవిడ ఇప్పుడు కారు కాగితాల సంచీ పైన పెద్ద అక్షరాలతో రాసిపెట్టింది.