కీ ఇచ్చే వాచీ

ఆడదానికి నగల పిచ్చి వుంటే లోకం మెచ్చుకుంటుంది. చీరల పిచ్చి వుంటే నవ్వి వూరుకుంటుంది. వాచీల పిచ్చి వుందంటే మాత్రం "అయ్యో, ఎప్పట్నుంచీ?" అన్నట్టు చూస్తుంది. నాకా పిచ్చి పట్టి పద్దెనిమిదేళ్ళయింది. బీరువాలో పట్టుచీరల కింద పదకొండు హెచ్.ఎం.టీ. వాచీలున్నాయి. అన్నీ పాతవే, అన్నీ రోజూ కీ ఇవ్వాల్సినవే.

దీనికంతటికీ మూలం మా నాన్నగారి 'జనతా' వాచీ. 1961లో జపాను సిటిజన్ కంపెనీ సాయంతో బెంగుళూరులో హెచ్.ఎం.టీ. వాళ్ళు వాచీల ఫ్యాక్టరీ పెట్టాక, మనలాంటి మధ్యతరగతి వాళ్ళ చేతికి అందిన వాచీ అది. నాన్నగారు రోజూ పొద్దున్నే కాఫీ తాగి, వాచీకి కీ ఇచ్చి, అప్పుడు పేపరు విప్పేవారు. ఆయన పోయిన పన్నెండో రోజున పెద్దవాళ్ళంతా కూర్చుని "మగవాళ్ళ వాచీ కదా, అబ్బాయికిచ్చేయండి" అన్నారు. తమ్ముడు తీసుకున్నాడు. నేనేమీ అనలేదు. అనలేదు కనకే ఆ మాట లోపల వుండిపోయింది.

మరుసటేడు కోఠీలో పాత వాచీలు బాగుచేసే ఒక సాయిబుగారి దగ్గర అచ్చం అలాంటి జనతాయే కొన్నాను. ఈ విద్యలో ఆయనే నా గురువు. పాత డయలుకి కొత్త రంగు పూసి, నాలుగు వాచీల భాగాలు ఒకదాంట్లో పెట్టి అమ్ముతారనీ, ముఖం తళతళలాడుతోందని మోసపోవద్దనీ, వెనక మూత తీయించి లోపల చూడందే డబ్బివ్వొద్దనీ నేర్పారు. పెళ్ళిసంబంధాలు చూసేటప్పుడు కూడా పనికొచ్చే సలహా!

కిందటేడు నా నవల ఒకటి టీవీ సీరియల్‌కి అమ్ముడుపోయింది. "గాజులు చేయించుకో, ఎప్పటికైనా అక్కరకొస్తాయి" అన్నారు మావారు. నేను జేగర్ లెకూల్టర్ వాళ్ళ 'రివర్సో' కొంటానన్నాను. ఆ స్విట్జర్లాండ్ పేరు పలకడానికి ఆయనకి వారం పట్టింది. ధర విన్నాక ఇంకో వారం మాట్లాడలేదు.

రివర్సో 1931లో పుట్టింది. మన దేశంలో పోలో ఆడే ఇంగ్లీషు దొరల వాచీ అద్దాలు ఆటలో పగిలిపోతున్నాయని తయారుచేశారట. కొంచెం పక్కకి జరిపి తిప్పితే ముఖం లోపలికి పోయి వీపు పైకొస్తుంది. వీధి గుమ్మంలో పరాయివాళ్ళు కనిపిస్తే గిరుక్కున తిరిగిపోయే పాతకాలపు కొత్తకోడలన్నమాట.

షాపులో అబ్బాయి నావైపు చూడనే లేదు. మావారితో "సార్, మేడమ్‌కి గిఫ్టా? లేడీస్‌వి ఇటున్నాయి" అంటూ రాళ్ళు పొదిగిన బ్యాటరీ వాచీలు ముందు పెట్టాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. అసలు చేతి గడియారమే ఆడవాళ్ళదయ్యా! 1810లో నేపుల్స్ రాణీగారు కోరితే, బ్రెగే అనే మహానుభావుడు ఆ తర్వాత ఆమె మణికట్టుకోసం ఒకటి చేసిపెట్టాడు. మగవాళ్ళు జేబుగడియారాలు పెట్టుకుని, మణికట్టున కట్టుకోవడం నామోషీ అనుకునేవాళ్ళు. మొదటి ప్రపంచయుద్ధంలో, కందకాల్లో జేబు తడుముకునే తీరిక లేకపోయాక గదా వాళ్ళకి జ్ఞానోదయమయింది! ఇదంతా మనసులోనే లెండి. పైకి మాత్రం "కీ ఇచ్చేది చూపించండి" అన్నాను. నా కార్డు నేనే తీసి డబ్బు కట్టాను.

ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు. 1969లోనే సీకో వాళ్ళు క్వార్ట్జ్ వాచీ తెచ్చారు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ సెకను తప్పని ఫోనుంది. రోజుకి కొన్ని సెకన్లు తప్పే వస్తువుకి లక్షలు పోశానా? వాచీ దిండుమీద పెట్టుకుని విన్నాను. సెకనుకి ఆరు చప్పుళ్ళు, గంటకి 21,600. మనిషి రోజుకి 21,600 సార్లు ఊపిరి తీస్తాడని మన యోగశాస్త్రం లెక్క. మన రోజుని ఇది గంటలో బతికేస్తోంది. అదీ బ్యాటరీ లేకుండా, నేను తిప్పిన కాస్త బలంతో, లోపలి స్ప్రింగు మెల్లగా విప్పుకుంటూ. రెండురోజులు నేను మరిచిపోతే ఆగిపోతుంది. ఎందుకో అది నచ్చింది.

తర్వాతి వారం అమ్మ దగ్గరికి వెళ్ళాను. "ఎంతయిందే?" అంటే ఒక సున్నా తీసేసి చెప్పాను. దానికే గుండెమీద చెయ్యి వేసుకుంది. వాచీ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు వింది.

"మీ నాన్నగారిది ఇంత తొందరగా కొట్టుకునేది కాదే. కాస్త నిదానం."

నా ఒళ్ళు జలదరించింది. నిజమే, జనతా సెకనుకి ఐదుసార్లే కొట్టుకుంటుంది. నేను చదివి తెలుసుకున్న తేడా అమ్మకెలా తెలుసు?

"రాత్రి దిండు కింద పెట్టుకునేవారుగా. ముప్ఫయ్యేళ్ళు విన్నాను. ఆయన పోయాక చాలాకాలం నిద్రపట్టేది కాదు, గది మరీ నిశ్శబ్దంగా వుండి."

మగవాళ్ళ వాచీ అన్నారని ఇన్నేళ్ళు కుమిలాను. ఆ పన్నెండో రోజున గోడకానుకుని కూర్చున్న అమ్మని ఎవరైనా అడిగారా? నేను మాత్రం అడిగానా?

అక్కణ్ణుంచే తమ్ముడికి ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు వాడు. "బీరువాలోనే వుందక్కా, ఆగిపోయి. నాకెందుకు తట్టలేదో" అన్నాడు. సాయిబుగారు విప్పి, శుభ్రం చేసి, నూనె వేసి నడిపించారు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే నా వాచీకి కీ ఇచ్చి అమ్మకి ఫోన్ చేస్తాను. "కాఫీ తాగావా?" అంటే, "తాగానే. వుండు, కీ ఇస్తున్నాను" అంటుంది.