ఊపిరాడని ట్యాంకు

బిట్రగుంట పేరు చెప్పగానే పాతతరం వారికి రైలింజన్ల షెడ్డు జ్ఞాపకం వస్తుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో విజయవాడ-గూడూరు మార్గంలో పేరుమోసిన లోకో షెడ్డున్న ఊరిది. దేశంలో బ్రాడ్‌గేజి పట్టాల మీద ఆవిరి ఇంజన్ల శకం 1995లో ముగిసింది. షెడ్డు వైభవం పోయినా, అక్కడ చేతులు నల్లచేసుకున్న వారి విద్య మాత్రం ఊళ్ళో కొన్ని అరుగుల మీద ఇంకా మిగిలి ఉన్నది. ఆ విద్య ఒక చేపల ఆటోకు ఎట్లా అక్కరకు వచ్చిందో చెప్పాలని ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను.

మా వీధి కుర్రవాడొకడు తెల్లవారుజామున జువ్వలదిన్నె వైపు పోయి, చేపలు ఎత్తుకొని కావలికి చేరవేస్తుంటాడు. ఐసు కరిగిన నీరూ, చేపల ఉప్పునీరూ కారి కారి అతని పాత డీజిల్ ఆటో ట్యాంకు తుప్పు తినిపోయింది. కొత్తది కొనే స్తోమత లేక, ఇనుప రేకుతో ఒకటి వెల్డింగు చేయించి, చోటు చాలక ఇంజను మట్టానికి దిగువన బిగించుకున్నాడు. మూత గట్టిగా పట్టాలని రబ్బరు వాషరు కూడా వేయించాడు.

అక్కడి నుండి మొదలైంది అవస్థ. బండి అరగంట చక్కగా నడుస్తుంది. ఆ తరువాత గుక్క పట్టినట్లు ఊగి ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్ళీ మామూలే. ఫిల్టరు మార్చారు, గుణం లేదు. పంపు మార్చాలన్నాడు మెకానిక్కు. ఆ ఖర్చు అతని నెల సంపాదనను మింగేటట్లుంది. చేపల బేరం ఎవరి కోసమూ ఆగదు. రెండు రోజులు సరుకు ఆలస్యమైతే వ్యాపారి మరో బండిని చూసుకుంటాడు.

షెడ్డులో ఫిట్టరుగా పనిచేసిన మా పెద్దమావయ్య ఈ కథంతా విని ఒకే ప్రశ్న వేశాడు.

"ట్యాంకు నిండా పోసిన రోజు తొందరగా ఆగతాదా, సగమున్న రోజా?"

"నిండా పోసిన రోజే మామా. అదే అర్థం గావడం లా."

"అయితే పంపు జోలికి పోబాక. మూత వదులు చేసి తోలు అబ్బయా."

మూత వదులు చేసిన ఆటో ఆ పూట ఆగలేదు.

కారణం సులభమైనదే. డీజిలు ఎంత బయటకు పోతే అంత చోటును పైనుంచి గాలి వచ్చి నింపాలి. గాలి దారి మూసుకుపోతే లోపలున్న కొద్ది గాలే సాగవలసి వస్తుంది. మూసిన పాత్రలో గాలి ఎంత సాగితే దాని ఒత్తిడి అంత తగ్గుతుందని బాయిల్ 1662లోనే చెప్పాడు. ట్యాంకులో 1 లీటరు ఖాళీ ఉన్నదనుకుందాం. అర లీటరు డీజిలు ఖర్చయ్యేసరికి ఆ గాలి లీటరున్నరకు సాగి, ఒత్తిడి మూడింట రెండు వంతులకు దిగజారుతుంది. ఖాళీ 10 లీటర్లుంటే అదే అర లీటరుకు తగ్గేది 21వ వంతు మాత్రమే. అందుకే నిండు ట్యాంకు ముందుగా మొరాయించింది. పంపు లాగుతూనే ఉంది. ట్యాంకు ఎదురు లాగుతోంది. బండి ఆగాక సందుల్లోంచి గాలి మెల్లగా చేరి ఒత్తిడి సమమౌతుంది గనుక మళ్ళీ కదిలేది.

మూతకు చిల్లు పొడిస్తే ఉప్పునీరు దిగుతుంది. అందుచేత ట్యాంకు పైభాగాన సన్నని రాగి గొట్టం అతికించి, దాని మొనను కిందికి వంచమన్నాడు మావయ్య. అయితే డీజిలు తగిలిన ట్యాంకుకు ఊరికే మంట చూపరాదు. లోపలి ఆవిరి అంటుకుంటే ప్రాణాలు పోతాయి. ట్యాంకు విప్పి, డీజిలు ఒంపి, శుభ్రంగా కడిగి, నిండా నీళ్ళు పోసి పనివాడు అతికించాడు.

ఆ తరువాత మరో తంటా. ఉదయం ఇంజను అందుకోవడం లేదు. ఎక్కడా డీజిలు చుక్క కారలేదు. మావయ్య ఫిల్టరుకు ముందు జానెడు పారదర్శకమైన గొట్టం పెట్టించాడు. అందులో బుడగలు వరుసకట్టి పోతున్నాయి! పంపు లాగే గొట్టంలో బయటికన్నా ఒత్తిడి తక్కువ. కాబట్టి అతుకు వదులైతే డీజిలు బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. టెండరు నుండి నీరు లాగే గొట్టంలో గాలి చొరబడితే ఆవిరి ఇంజను ఇంజెక్టరు కూడా ఇట్లాగే నీరు అందుకోదట. రాగి వాషరు మార్చి, క్లిప్పు బిగించి, గొట్టంలోని గాలి వదిలేసరికి ఆ చిక్కూ తీరింది.

నన్ను ఆలోచింపజేసింది ఇదే. ఒకే గాలి ట్యాంకు పైన లేకపోతే బండి ఆగింది, గొట్టంలో ఉంటే బండి కదలలేదు. దానికి ఎక్కడ దారి ఇవ్వాలో, ఎక్కడ మూయాలో తెలియడమే ఆ షెడ్డు నేర్పిన విద్య. దానికి ఖర్చయింది మూరెడు రాగి గొట్టమూ, ఒక వాషరూను. పంపు పాతదే, ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఆ వంపు గొట్టాన్ని మావయ్య "ఊపిరిబెజ్జం" అంటాడు. మీ ఊళ్ళ షెడ్లలో దీనికి ఇంకేదైనా మంచి తెలుగు పేరుంటే తెలుపగలరు.