కానుకగా వచ్చిన కలము

ఇంటిలోని వస్తువులకు రెండు వెలలుండును. ఒకటి అంగడివాడు కట్టునది. రెండవది మనసు కట్టునది. కానుకగా వచ్చిన పాత కలమునకు అంగడిలో చిల్లిగవ్వయైన రాదు. ఇంటిలోనన్ననో దానిని పారవేయుటకు ఎవరికిని చేయి రాదు.

ఈ మమకారము వట్టి భ్రమ కాదని మా తలంపు. చీర పెట్టువారు కట్టుకొమ్మని పెట్టుదురు. నగ యిచ్చువారు ధరింపుమని యిత్తురు. కలము నిచ్చువారు మాత్రము, చెప్పదగిన మాట నీయొద్ద నున్నది, వ్రాయుమని యిత్తురు. ఆడుపిల్లకు అక్షరములేలయని యడిగిన దేశమున ఈ నమ్మకము సామాన్యమైనది కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల పెట్టుటయే ఆనాటికొక సాహసము.

ఆ ధవళేశ్వరమునకు ప్రక్కనున్న రాజమహేంద్రవరముననే రత్నం కలములు పుట్టినవి. కోసూరి వేంకటరత్నముగారు గాంధీమహాత్ముని స్వదేశీ బోధచే ప్రేరితులై 1932లో ఈ పని కారంభించిరి. వారు పంపిన కలముతో వ్రాసి చూచి, బజారులోని విదేశీ కలములకిది తగిన బదులుగా నున్నదని మహాత్ముడు 1935లో వారికి జాబు వ్రాసిరి. ఎబొనైటు, అనగా గంధకముతో గట్టిపరచిన రబ్బరు, కడ్డీలను తెచ్చి లేతుపై చేతితో తీర్చిన కలములివి. పట్టుకొన్న చేతికి లోహమువలె చల్లగా తగులవు.

అట్టి కలమొకటి మా యింట నున్నది. మా అత్తగారు 1956లో ఉంగుటూరునకు కాపురమునకు వచ్చునప్పుడు వారి అన్నగారు కొని యిచ్చినది. గోదావరి దాటి, కొవ్వూరు, నిడదవోలు, తాడేపల్లిగూడెము మీదుగా వచ్చు రైలు ప్రయాణము నేడు మనకు లెక్కలోనిది కాదు; ఆనాటి క్రొత్తకోడలికి పుట్టిల్లు దూరదేశమే. చేలు మునిగిన వార్తయు, బిడ్డల జ్వరములును, ఎవరితోను చెప్పుకొనని బెంగయు ఆ కలము ద్వారముననే అన్నగారికి చేరినవి. ఎనుబదవ యేట చేయి వణక మొదలిడగా ఆమె దానిని మాకిచ్చిరి. "మా అన్న నాకిచ్చాడమ్మా, నేను నీకిస్తున్నాను. పెట్టెలో మాత్రం దాచకు" అనిరి.

పాత కలముతో నొక చిక్కు కలదు. పాళీ వ్రాయువారి చేతివాటముననుసరించి అరుగును. అత్తగారు కలమును కొంచెము ప్రక్కకు ఒరగబట్టి వ్రాసెడివారు. కావున వారి చేత నీటివలె నడచిన పాళీ మా చేత కాగితమును గీరసాగెను. ఆమె గతించిన పిమ్మట ఏలూరిలో బాగుచేయువారికి చూపగా, క్రొత్త పాళీ వేసినగాని లాభము లేదనిరి. ఆరు పదుల యేండ్ల ఆమె వ్రాత నిలిచియున్నది ఆ పాళీ మొననే గదా! దానిని తీసినచో మిగులునది నల్లని గొట్టము. తీయనిచో కలము పెట్టె పాలగును. పది దినములు తర్కించుకొంటిమి. తుదకామె మాటయే దారి చూపినది. క్రొత్త పాళీ వేయించి, పాతదానిని కడిగి కుంకుమబరిణెలో దాచితిమి. మొదటి జాబును రాజమహేంద్రవరమున వారి అన్నగారి కోడలికి వ్రాసితిమి. వారము తిరుగకముందే ఆమె స్వహస్తముతో బదులు వ్రాసినది.

ఇట్టి కలములుగల సోదరీమణులకు రెండు మాటలు. వ్రాయనప్పుడు సిరా నింపి విడువరాదు. అది ఎండి గడ్డకట్టును. అప్పుడప్పుడు చన్నీటితోనే కడుగవలెను. వేడినీరును, ఎండయు సోకినచో ఎబొనైటు నలుపు చెడి గోధుమవన్నెకు దిగును. అన్నిటికంటె ముఖ్యముగా, ఇచ్చినవారి పేరును, ఇచ్చిన సంవత్సరమును చీటిపై వ్రాసి కలముతోనుంచుడు. పేరు మరచినచో అది పాత కలమగునే కాని కానుక కాదు.

దసరాలలో మూలానక్షత్రమునాడు సరస్వతీదేవి ముందు కలములనుంచి పూజింతుము. పూజ ముగిసిన పిమ్మట వానిని మరల చేతికి తీసికొని నాలుగు వాక్యములు వ్రాయుదము. ఇచ్చినవారు కోరినది అదియే.