వైమారులో విద్యార్థులు తీర్చిన యిల్లు

జర్మనీదేశమందలి వైమారు చిన్న పట్టణము. మన కాళిదాసుని శాకుంతలమును జర్మనుభాషలోఁ జదివి ముగ్ధుఁడైన గేటే మహాకవి తన జీవితములో నధికభాగ మిచ్చటనే గడపెను. ఇల్ము అను చిన్న యేటియొడ్డున, చెట్లనీడల నడుమ, ఆతని తోఁటయిల్లు నేఁటికిని నిలిచియున్నది. యాత్రికులు పెక్కుమంది దానిని జూచి మరలిపోవుదురు. మా తమ్ముఁడా దేశమునఁ జదువుచుండుటచే నాకట్టి తొందర లేకపోయెను. ఉద్యానవనము దాఁటి, తూర్పుదెస నున్న మెరక యెక్కి, హార్న్ అను వీధిలోఁ గొంతదూరము నడచితిమి. అచ్చట తెల్లని గోడలును, చదునైన మిద్దెయుఁ గల చతురస్రపు టిల్లొకటి కానవచ్చెను. స్తంభములు లేవు; నగిషీలు లేవు. అయినను 1996వ సంవత్సరమున దీనితో సంబంధించిన కట్టడములు ప్రపంచవారసత్వ స్థలములలోఁ జేర్పఁబడినవి.

సోదరీమణులారా! ఇది ప్రదర్శనము కొఱకుఁ గట్టిన యిల్లు. వాల్టరు గ్రోపియసు అను వాస్తుశిల్పి 1919లో నీ యూర బౌహౌసు అను కళాశాలను స్థాపించెను. వడ్రంగము, నేత, కుమ్మరము, లోహపుఁబని, చిత్రలేఖనము ఒకేచోట నేర్పుట దాని యుద్దేశము. 1922 డిసెంబరులో నచటివారి చిత్రములు కలకత్తాలోఁ గూడఁ బ్రదర్శింపఁబడినవి. అయితే ధనమిచ్చు ప్రభుత్వమువారు, ఇన్నాళ్లకు విద్యార్థులేమి నేర్చిరో లోకమునకుఁ జూపవలసినదని పట్టుపట్టిరి. ఆ ప్రదర్శనము మీఁదనే పాఠశాల పరువాధారపడి యుండెను.

ఇట్టి సమయమున మనమైనచో నున్నదంతయు గోడలకు వ్రేలాడఁదీయుదుము. వారును బాఠశాల గదులలోను, నగరపు చిత్రశాలలోను ననేక వస్తువుల నుంచిరి. కాని ప్రదర్శనమునకుఁ బ్రాణమీ యిల్లే. మొదట నొక పేటనే కట్టఁదలఁచిరి. ధనము చాలక యొక్క యింటితో నిలిచిరి. 1923 ఏప్రిలులో శంకుస్థాపన చేసి, ఆగస్టు 15వ తేదీన ప్రదర్శనము తెఱచిరి. మార్కు విలువ దినదినము పడిపోవుచున్న కాలమది. బెర్లిను నగరపు సొమ్మర్‌ఫెల్డు అను కట్టడముల కంట్రాక్టరు ధనసాహాయ్యము చేసెను.

ఇంటి నడుమ నొక పెద్దగది, చుట్టును జిన్నగదులు. నడిమిగది కప్పు తక్కినవానికంటె నెత్తుగా నుండుటచే, పైకిటికీలనుండి వెలుతురు దిగుచుండును. నాకు మన మండువాలోఁగిలి జ్ఞప్తికి వచ్చినది. ఆకాశమునకు మాఱుగా నిచట గాజు. పనివారు లేని చిన్న కుటుంబమునకై తలపెట్టిన యిల్లగుటచే వంటగది యిరుకైనది. కిటికీక్రింద నొకేయెత్తున బల్ల. క్రిందను గోడమీఁదను బీరువాలు. పిండి, ఉప్పు మొదలగు పేర్లు వ్రాసిన జాడీలను బోగ్లరు అను యువకుఁడు రూపొందించెను. వంట చేయు తల్లి భోజనపుగది మీఁదుగా పిల్లలగదిని గనిపెట్టవచ్చును. పిల్లలగదిలో నాఁడు గోడల క్రిందిభాగమున బిడ్డలు వ్రాసి తుడుచుకొనఁదగిన పలకలమర్చిరి. ఆటసామానుల పెట్టెలే కూర్చుండుటకు పీఁటలు, లాగుటకు బండ్లు. బీరువా తలుపే బొమ్మలాటకు రంగస్థలము.

ఇంత పని యెవరు చేసిరి? గ్రోపియసు పేరువడసిన వాస్తుశిల్పి యయ్యు, ముప్పదియేండ్లు నిండని మూకే అను చిత్రకారుని నమూనానే కట్టించెను. కుర్చీలును బీరువాలును జేసిన బ్రాయరు వయస్సు 21. పిల్లలగది తీర్చిన ఆల్మా బుషరు 24 ఏండ్ల యువతి. వంటగదిని మఱియొక విద్యార్థితోఁ గలసి బెనిటా ఒట్టే కల్పించెను. ఆ యేఁటనే ప్రభుత్వమువారు పదిలక్షల మార్కుల నోటుకు నమూనా గీయు పనిని బాయరు అను 23 ఏండ్ల విద్యార్థి కప్పగించిరి! ఆఁడువారిని మాత్రము నేతకే పంపుట యచటి పరిపాటి. బుషరు నేత విడిచి వడ్రంగమునకు వచ్చినది. ఒట్టే నేతయే నేర్చినది. అంత యిఱుకైన నమ్మకములోనే వారు చేసినది, ఇల్లు నడుపు మన కన్నులకు వెంటనే తెలియుచున్నది.

సెప్టెంబరు తుదివఱకు సుమారు 15,000 మంది ప్రదర్శనమును జూచిరి. మెచ్చినవారును గలరు, వెక్కిరించినవారును గలరు. 1924లోఁ బ్రభుత్వము మాఱి ధనమును దగ్గించుటచే, మఱుసటి యేఁట పాఠశాల డెసౌ నగరమునకుఁ దరలిపోయెను. కాని బుషరు కల్పించిన కొయ్యముక్కల యాట నేఁటికిని దయారగుచున్నది. ఒకేయెత్తున సాగు వంటబల్ల మన పట్టణములలోని క్రొత్త యిండ్లన్నిటను గలదు.

ఉపాధ్యాయుని యిల్లాలినగుటచే మన పాఠశాలల ప్రదర్శనములు నేను బెక్కు చూచితిని. బల్లమీఁదఁ జేయిమోపఁ జోటుండదు. తల్లి కుట్టిన పూవులు కూఁతురి పేరఁ గనఁబడును. మాస్టరుగారు దిద్దిన బొమ్మ శిష్యుని పేర మెఱయును. ఈ యిఱుకు మన యపనమ్మకమునుండి పుట్టినదని నాకు తోఁచుచున్నది. ఒక్క బిడ్డ చేసిన యొక్క వస్తువు చాలునను ధైర్యము లేక, పదింటిని బేర్చెదము. కావున నిరాడంబరత కావలెనన్న ముందుగా నమ్మకము కావలెను.

ఈసారి మీ పిల్లల బడిలోఁ బ్రదర్శనము జరిగినచో నిట్లు చేయించి చూడుఁడు. విషయ మొక్కటి చాలును: నడుము వంగని బామ్మగారికిఁ దగిన వంటగది యనుకొందము. పిల్లలు ముందుగా నామె పనిచేయుట చూచి, ఆమెనే యడిగి తెలిసికొనవలెను. ఒక్కొక్కరు, లేదా యిద్దఱు మువ్వురు కలసి, ఒక్క వస్తువు చేయవలెను. దాని గుఱించి రెండు వాక్యములు తామే వ్రాసి, ప్రక్కన నిలిచి, చూడవచ్చినవారికి బదులు చెప్పవలెను. చెడిపోయిన తొలిప్రయత్నములను గూడ నొకచోట నుంచవలెను. వానిని జూచినవారికే తుదివస్తువు విలువ తెలియును. ఖర్చుల పద్దును పిల్లలే వ్రాయవలెను. కరెంటు తీగెలు, నిప్పు, పదునైన పనిముట్లు: పెద్దలు కనిపెట్టవలసిన వివి. కుట్టు వంకరపోయినచోఁ బోనిండు. సూది మాత్రము మీరందుకొనవలదు.

తన గీఁతను బెద్దలు చెఱిపి దిద్దిన బాలిక బహుమానము తెచ్చుకొనవచ్చును; తన చేయి మంచిది కాదని కూడ నేర్చుకొనును. ఆ పాఠమును మఱపించుట యే గురువునకును సులభము కాదు.