పుట్ట పెంచే పంట

సూరత్ అనగానే జరీ చీరలు, వజ్రాల సాన, మరమగ్గాల మోత స్ఫురిస్తాయి. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్లిన చేనేత కుటుంబాలు అనేకం ఆ నగరంలో స్థిరపడినవి. కాని నగరం దాటి తూర్పుగా మాండ్వి, మాంగ్రోల్, ఉమర్‌పాడా తాలూకాల వైపు సాగితే దృశ్యం మారిపోతుంది. టేకు చెట్లు, పచ్చిక బీళ్లు, వాటి నడుమ చెదపుట్టలు. వసావా, చౌధరీ, గామిత్ తెగల వారి సీమ ఇది.

జూన్‌లో తొలకరి కురిసి, ఉరుములు సద్దుమణిగిన తరువాత ఆ పుట్టల చెంత తెల్లని గొడుగులు విప్పుకొంటాయి. పొలంలో విత్తనం పడినా పంట ఇంకా చేతికి రాని రోజులవి. గిరిజనులకు అడవి అప్పుడు అందించే కమ్మని కూర అదే. తాజాగా వండుకోవడమే కాక, ఎండబెట్టి దాచుకోవడమూ పుట్టగొడుగుల విషయంలో పాత అలవాటే.

గుజరాతీలు దీనిని ‘బిలాడీనో టోప్’, అనగా పిల్లి టోపీ, అంటారు. తెలుగువారు కుక్కగొడుగు అన్నారు. అయితే మన మరో పేరు ‘పుట్టగొడుగు’లో శాస్త్రసత్యమే ఇమిడి ఉన్నది. చెదపురుగులు ఎండుటాకులు, పుల్లలు కొరికి తెచ్చి, పుట్ట లోపల స్పంజి వంటి దిమ్మెలు కట్టి, వాటిపై ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. కఱ్ఱలోని కఠిన పదార్థాన్ని అది మెత్తపరచగా, ఆ ఆహారంతో చెదలు బ్రతుకుతాయి. సుమారు మూడు కోట్ల సంవత్సరాల నాడు ఆఫ్రికాలో ఆరంభమైన సేద్యమిది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజే హైమ్ 1942లో ఈ ప్రజాతికి ‘టెర్మిటోమైసిస్’ అని నామకరణం చేశాడు. పాల పుట్టగొడుగులను పాకలలో పెంచగలిగిన మానవుడు దీనిని మాత్రం నేటికీ పంటగా పండించలేకపోయాడు. పుట్టను త్రవ్వి పాడుచేస్తే మరుసటి ఏటి కూర కూడా పోయినట్లే.

అయితే తెల్లనివన్నీ తినదగినవి కావు. పచ్చిక బయళ్లలో మొలిచే ఒక పెద్ద తెల్ల గొడుగుకు ముదిరిన తరువాత గాని అడుగు రేకులలో ఆకుపచ్చ ఛాయ కనిపించదు. తిన్నవారికి తీవ్రమైన వాంతులు, విరేచనాలు తప్పవు. అంతకంటె భయంకరమైనవి కాలేయాన్నే నాశనం చేస్తాయి. వాటి లక్షణాలు ఆరు గంటలు దాటిన తరువాత గాని బయటపడకపోవచ్చు. వెండి నల్లబడితే విషమనీ, వెల్లుల్లి రంగు మారితే విషమనీ చెప్పే పరీక్షలు ఎందుకూ కొరగావు. సర్పచ్ఛత్రకాన్ని విడిచిపెట్టాలని చరక సంహిత ఏనాడో హెచ్చరించింది.

కొండవాసికి రక్ష ఆ నేలతో పరిచయమే. ఏ పుట్ట, ఏ వాన తరువాత, కాడ ఎంత లోతు నుండి వచ్చింది అన్నది తల్లి వెంట తిరిగి బిడ్డ నేర్చుకొంటాడు. ఊరు విడిచిన నేతగాని వెంట పుట్టగొడుగు రుచి సూరత్ వరకు రాగలదు. ఆ గుర్తింపు రాదు. నగరపు అంచున ఖాళీ స్థలంలో తెల్లని గొడుగు కనిపించినపుడు, ఎరిగినవారు ప్రక్కన లేకుంటే దానిని అక్కడే విడిచిపెట్టడం మేలు.