మా కాలూ, కొత్త రేడియో

మా కుక్క పేరు కాలూ. నల్లగుంటదని తాత పెట్టిండు. నడిచే కాలు కాదు, నవ్వకండి.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరలో నాయిన రేడియో కొన్నడు. ఇంట్లో గూట్లో పెట్టి ఆదిలాబాద్ కేంద్రం, 100.2 తిప్పిండు. మొదట తెలుగు వార్తలు వచ్చినవి. కాలూ ఒకటే మొరుగుడు! మా గూడెంలో తెలుగు మాట్లాడేది బయటి నుండి వచ్చినవాళ్ళే కదా. జంగ్లాత్ వాళ్ళు, షావుకార్లు. అందరికీ అట్లనే మొరుగుతది.

తర్వాత గోండి మాటలు మొదలైనవి. 1986లో పెట్టిన ఆ కేంద్రం మన భాషల కార్యక్రమాలు కూడా వేస్తది. కాలూ గప్‌చుప్ అయింది. తోక ఊపుకుంట రేడియో దగ్గరికి పోయి వాసన చూసింది. మనిషి దొరకలేదు. వాకిట్లోకి పోయి వెతికింది. తాత నవ్వి నవ్వి దగ్గిండు.

సెలవు అయినంక మా సారుకు చెప్పిన. పాత గ్రామఫోన్ రికార్డుల మీద బాకా ముందు కూర్చున్న కుక్క ఉంటది, దాని పేరు నిప్పర్ అన్నారు. ఇంగ్లండుదట. అది 1895లో చనిపోయినంక ఫ్రాన్సిస్ బరాడ్ ఆ బొమ్మ గీసిండట.

ఒక మాట మాత్రం సారుకు చెప్పలేదు. ఆ రాత్రి నేను తెలుగు వాచకం పెద్దగా చదివితే కాలూ నన్ను చూసి గుర్రుమన్నది. నన్ను! నాకు ఏడుపు వచ్చింది. గోండిలో పిలిచిన. వచ్చి ఒళ్ళో తల పెట్టింది.

ఇప్పుడు ఇంటికి పోతే పాఠం ఒక వాక్యం తెలుగులో, ఒక వాక్యం గోండిలో చదువుతున్న. తాత కూడా వచ్చి కూర్చుంటుండు.